ఉమ్మడి దృశ్యవాహిని: పంపకమెట్లు? పెత్తనమెవరిది?

నర్సీపట్నము సమీపమున తాండవ నదిపై నిర్మింపబడిన జలాశయము నేటి అనకాపల్లి, కాకినాడ జిల్లాలలో సుమారు 51 వేల ఎకరముల ఆయకట్టుకు ఆధారముగా నున్నది. ఏ కాలువ క్రిందనైనను ఎగువనున్న రైతునకు నీటి చింత తక్కువ. శివారు భూముల రైతునకు నారు పోసిన నాటినుండి పంట ఇంటికి చేరువరకు అదే చింత. తూము ఎప్పుడెత్తవలెను? ఎవరి వంతు ముందు? పూడిక తీయుటకు ఖర్చు ఎవరు పెట్టవలెను? వంతు తప్పిన వానిని ఏమి చేయవలెను? కాలువ ఉన్నంత కాలము ఈ నాలుగు ప్రశ్నలును ఉండును.

నేడు నీటివలెనే ఇంటింటికి ప్రవహించు వస్తువు మరియొకటి కలదు. అది కదలు బొమ్మల ప్రవాహము. మనము వాడుకలో వీడియో అనుచున్నాము. చలనచిత్రములే కాక, పాఠములు, వైద్యుల సలహాలు, శాసనసభ చర్చలు కూడ నేడీ రూపముననే మనకు చేరుచున్నవి. ఈ ప్రవాహమునకును ఎగువ, శివారు కలవు. పట్టణములో తెరపై బొమ్మ నిలకడగా నడచును; ఏజెన్సీ కొండలలో అదే పాఠము నడుమ నడుమ ఆగిపోవును. కనుక పై నాలుగు ప్రశ్నలును ఇక్కడ కూడ పుట్టుచున్నవి. వీనికి ఒక యజమాని సమాధానము చెప్పవలెనా, లేక వాడుకొనువారును, యంత్రములు నడుపువారును కలిసి చెప్పుకొనవచ్చునా అనునది ఈ వ్యాసమునకు విషయము.

దృశ్యములో బరువెంత?

ముందు వీడియో అనగా ఎంత పెద్ద వస్తువో లెక్క కట్టి చూతము. మేలురకపు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు కావలెను. సెకండునకు 25 బొమ్మలు చూపినచో, ఒక్క సెకండులో పంపవలసినవి సుమారు 124 కోట్ల బిట్లు. ఇంటికి వచ్చు సామాన్యమైన తీగ ఏదియు ఇంత భారమును మోయజాలదు.

అందుచేత సంపీడనము అవసరమగుచున్నది. ఒక బొమ్మకును దాని తరువాతి బొమ్మకును భేదము స్వల్పము. ఉపాధ్యాయుడు నల్లబల్ల ముందు నిలుచుండి మాటలాడుచుండగా కదలునవి ఆయన పెదవులును, చేయియు మాత్రమే, నల్లబల్ల కదలదు. కనుక బల్లను ఒక్కసారి పంపి, తరువాత మారిన భాగములను మాత్రమే పంపిన చాలును. ఈ మొదలగు ఉపాయములచే 124 కోట్ల బిట్లు సుమారు 50 లక్షల బిట్లకు, అనగా దాదాపు 250వ వంతునకు తగ్గును.

ఇంతటితో పని ముగియలేదు. చూచువారి తీగలన్నియు ఒక్కరీతివి కావు. ఒకరికి పెద్ద తెర, వేగమైన తీగ. ఒకరికి చిన్న ఫోను, బలహీనమైన సంకేతము. అందుచేత ఒకే దృశ్యమును నాలుగైదు పరిమాణములలో తయారుచేసి ఉంచవలెను. ఈ పనిని రూపాంతరీకరణము అనవచ్చును. ఇది యంత్రమునకు మిక్కిలి శ్రమ కలిగించు పని. ప్రత్యక్ష ప్రసారములో దీనిని క్షణములమీద చేయవలెను. దీని తరువాత పంపిణీ. వేయిమంది చూచుచున్నచో, ఒక్కొక్కరికి సెకండునకు 50 లక్షల బిట్ల చొప్పున కేంద్రము నుండి 500 కోట్ల బిట్లు బయలుదేరవలెను. పూర్వపు టెలివిజను స్తంభమునకు ఈ బాధ లేదు. చూచువారు పదిమందియైనను, పదిలక్షలమందియైనను ఆకాశమున నున్న తరంగము ఒక్కటే. ఇంటర్నెటులో నైతే చూచువాడు పెరిగినకొలది పంపువాని ఖర్చు పెరుగును.

రూపాంతరీకరణము, పంపిణీ అను ఈ రెండు ఖర్చులను భరింపగల పెద్ద సంస్థలు ప్రపంచములో కొన్ని మాత్రమే. వీడియో వ్యాపారము కొద్దిమంది చేతులలో చేరుటకు ఇది ముఖ్య కారణము.

డాబామీది పళ్ళెము నుండి గాజుతీగ వరకు

తెలుగునాట ఈ కథకు ఒక పూర్వరంగము కలదు. 1990 తరువాతి సంవత్సరములలో ప్రతి పట్టణమునందును ఎవరో ఒక యువకుడు డాబామీద పెద్ద పళ్ళెము వంటి యాంటెనా నిలిపి, ఉపగ్రహ సంకేతమును పట్టి, స్తంభమునుండి స్తంభమునకు తీగ లాగి, వీధివీధికి కేబులు టెలివిజను అందించెను. నెలకు చందా ఆయనే వసూలు చేయును. తీగ తెగిన నాడు నిచ్చెన వేసుకొని ఆయనే వచ్చును. ఇది ఎవరును ప్రణాళిక వేయకుండగనే ఏర్పడిన వికేంద్రీకృత వ్యవస్థ. 1995లో కేంద్రప్రభుత్వము కేబులు టెలివిజను చట్టము చేసి దీనిని నియమములలోనికి తెచ్చెను.

సంకేతములు అంకెల రూపమునకు మారిన తరువాత పరిస్థితి మారినది. సంకేతమును సిద్ధపరచుట పెద్ద సంస్థల పనియైనది. వీధి కేబులు నడుపువానికి చివరి తీగ మాత్రము మిగిలినది. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ చేసిన నిబంధనల ప్రకారము మొదటి వంద చానళ్ళకు నెట్‌వర్కు రుసుము గరిష్ఠముగా 130 రూపాయలు. ఇరువురును వేరుగా ఒప్పందము చేసుకొననిచో దానిలో 55 పాళ్ళు పెద్ద సంస్థకు, 45 పాళ్ళు స్థానికునకు. అనగా 71 రూపాయల 50 పైసలు ఒకరికి, 58 రూపాయల 50 పైసలు మరొకరికి. 130 రూపాయల పరిమితిని 2024లో తొలగించిరి. గమనింపదగినదేమన, ఈ పంపకమును నిర్ణయించినది తీగ లాగినవాడును కాడు, చందా కట్టినవాడును కాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మరియొక మార్గము తొక్కెను. భూమి త్రవ్వుటకు బదులు విద్యుత్ స్తంభములమీదుగనే గాజుతీగలను లాగి ఖర్చు తగ్గించెను. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామమున ఈ పథకమునకు నాంది పలికిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసిరి. టెలివిజను, ఇంటర్నెటు, టెలిఫోను మూడును కలిపి ప్రారంభమున నెలకు 149 రూపాయల నుండి ధర నిర్ణయింపబడెను. ఇంటివరకు తీగ తెచ్చు పని స్థానిక కేబులు వారికే అప్పగింపబడెను. ఇచ్చట తీగ ప్రజలది, శ్రమ స్థానికునిది. కాని నిర్ణయము మాత్రము కేంద్రస్థానమునందే ఉండెను. పని పంచుట వేరు, పెత్తనము పంచుట వేరు అని దీనివలన తెలియుచున్నది.

యంత్రముల సంఘము

పెత్తనమును కూడ పంచవలెనను ప్రయత్నములలో రెండింటిని చూతము.

మొదటిది పీర్‌ట్యూబ్. ఫ్రాన్సు దేశపు స్వచ్ఛంద సంస్థ ఫ్రామాసాఫ్ట్ దీనిని నిర్మించి 2018లో మొదటి సంపూర్ణరూపమును విడుదల చేసినది. కళాశాలగాని, గ్రంథాలయముగాని తన సొంత సర్వరు పెట్టుకొని, ఇతర సర్వరులతో చేయి కలుపవచ్చును. ఒకే దృశ్యమును చూచుచున్నవారు తమకు చేరిన ముక్కలను ఒకరికొకరు అందించుకొందురు. ఇందాకటి లెక్కలో వేయిమందియు సగటున సెకండునకు 40 లక్షల బిట్ల చొప్పున పొరుగువారికి అందించినచో, కేంద్రముపై భారము 500 కోట్ల బిట్ల నుండి 100 కోట్లకు దిగును. ఇచ్చట కూలి లేదు, ఇచ్చిపుచ్చుకొనుటయే ధర్మము. ఖర్చులు విరాళములచే గడచును.

రెండవది లైవ్‌పీర్. డగ్ పెట్కానిక్స్, ఎరిక్ టాంగ్ అనువారు 2017లో దీని ప్రణాళికను ప్రకటించిరి. 2018లో ఇది నడక సాగించెను. ఇది ముఖ్యముగా రూపాంతరీకరణపు పనికి ఏర్పడినది. ప్రపంచములో ఎందరియొద్దనో బొమ్మలను గణించు శక్తిగల గ్రాఫిక్ కార్డులు కలవు. అవి దినములో చాలసేపు ఖాళీగా నుండును. ఆ ఖాళీ సమయమును కూలికిచ్చినచో? ప్రసారకుడు తన దృశ్యమును సెకండ్లలో కొలువదగిన ముక్కలుగా కోసి, ఈ యంత్రములు నడుపు నిర్వాహకులకు పంపును. వారు వానిని కావలసిన పరిమాణములలోనికి మార్చి తిరిగి పంపి కూలి పుచ్చుకొందురు. ఎవరి పద్దు ఎంతయో ఎథీరియం అను బహిరంగ ఖాతాలో నమోదగును. ఆ ఖాతా ప్రతులు అనేకుల యొద్ద నుండుటచే ఏ ఒక్కరును దానిని రహస్యముగా దిద్దజాలరు.

కూలి చెల్లించుటలో ఒక చమత్కారము

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. ఒక ముక్కకు కూలి పైసలలో నుండును. బహిరంగ ఖాతాలో ఒక్క పద్దు వ్రాయించుటకే అంతకు ఎన్నోరెట్లు రుసుము అగును. రూపాయి కూలిని పంపుటకు నూరు రూపాయల మనియార్డరు ఖర్చు పెట్టినట్లుండును.

దీనికి పరిష్కారము సంభావ్యతా గణితములో దొరకినది. ప్రతి పనికి రూపాయి ఇచ్చుటకు బదులు, వేయింటిలో ఒకసారి మాత్రమే తగులు వేయి రూపాయల చీటీ ఇచ్చిరనుకొనుడు. చీటీ యొక్క సగటు విలువ రూపాయియే. తగలని చీటీలను పారవేయవచ్చును. తగిలిన చీటీని మాత్రమే ఖాతాలో వ్రాయించిన చాలును. కనుక వేయి పద్దులకు బదులు ఒక్క పద్దు.

అదృష్టముపై ఆధారపడిన కూలి న్యాయమా అని విద్యార్థి అడుగవచ్చును. లెక్క చూడుడు. పదివేల చీటీలు పొందినవానికి సగటున 10 తగులును. కాని అటు నిటు సుమారు 3 వరకు మారుట సహజము, అనగా నూటికి 32 వంతుల ఒడుదొడుకు. పదిలక్షల చీటీలు పొందినవానికి 1000 తగులును. ఒడుదొడుకు సుమారు 32 మాత్రమే, అనగా నూటికి 3 వంతులు. చీటీలు నూరు రెట్లైనచో ఒడుదొడుకు వంతు పదవ భాగమునకు తగ్గును. ఇది వర్గమూలపు నియమము. పెద్ద నిర్వాహకునకు ఈ పద్ధతి స్థిరమైన కూలియే. చిన్నవానికి మాత్రము కొంత కాలము ఖాళీచేతులు తప్పవు. గణితము అందరికి ఒకటే. కాని తట్టుకొను శక్తి అందరికి ఒకటి కాదు.

చీటీ తగులుటలో మోసము జరుగకుండుటకు ఇరువురును చెరియొక అంకెను సమకూర్తురు. కూలివాడు తన అంకెను ముందే మూసి ముద్రవేసి ఇచ్చును. పనియిచ్చువాడు తన అంకెను తరువాత చేర్చును. రెండును కలిపి గణించిన ఫలితమే నిర్ణయము. ఎవరును ఒంటరిగా ఫలితమును ఎంచుకొనజాలరు.

ధరావతు, కొత్త నాణెములు

పరిచయము లేనివానికి పని అప్పగించుట ఎట్లు? ధరావతు ఉంచుమనుట లోకమర్యాద. లైవ్‌పీర్‌కు టోకెను అను సొంత నాణెము కలదు. ప్రారంభమున వీని సంఖ్య ఒక కోటి. నిర్వాహకుడు కొన్ని టోకెనులను ధరావతుగా కట్టవలెను. యంత్రములు లేనివారు తమ టోకెనులను తాము నమ్మిన నిర్వాహకుని వెనుక ధరావతుగా ఉంచి, ఆదాయములో వాటా పొందవచ్చును. ఎక్కువ ధరావతుగల నూరుగురు మాత్రమే నిర్వాహకులుగా చెల్లుదురు. ధరావతు తిరిగి తీసికొనదలచినవారు ఏడు ఆవృత్తములు వేచియుండవలెను. ఒక ఆవృత్తము సుమారు ఒక దినము.

ఆవృత్తమునకొకసారి కొత్త టోకెనులు పుట్టి ధరావతుదారులకు పంచబడును. ఇది లాభమా? నిదానించి చూడవలెను. మొత్తము 1000 టోకెనులున్నవనియు, వానిలో 500 ధరావతుగా నున్నవనియు, ఏడాదికి 100 కొత్తవి పుట్టినవనియు అనుకొనుడు. పది టోకెనులను ధరావతు ఉంచినవానికి 2 చేరి 12 అగును. 1100లో 12 అనగా నూటికి 1.09 వంతులు. పదింటిని పెట్టెలో దాచుకొన్నవానికి నూటికి ఒక వంతుగా నుండిన వాటా 0.91కి తగ్గును. కొత్త నాణెము ఆకాశము నుండి ఊడిపడలేదు. దాచుకొన్నవాని వాటానుండి కష్టపడినవాని వాటాకు కొంత మారినది. ధరావతు మొత్తములో సగమునకు తక్కువైనచో కొత్త నాణెముల వేగము పెరుగును. సగము దాటినచో తగ్గును. నీటిమట్టమును బట్టి తలుపు తనంత తాను లేచి దిగు తూమువంటిది ఈ ఏర్పాటు.

ఇందు ఒక ప్రమాదము కలదు. నిజమైన ఆదాయము బయటనుండి రావలెను. అనగా ప్రసారకులు చెల్లించు కూలి. అది స్వల్పమై, కొత్త నాణెముల పంపకమే ప్రధానమైనచో, సంఘము తన విత్తనపు ధాన్యమును తానే తినుచున్నట్లు. లైవ్‌పీర్ మొదటి సంవత్సరములలో నిర్వాహకులకు కూలికంటె కొత్త నాణెములే అధిక భాగముగా నుండెను. ఆరంభదశలో ఇది పెట్టుబడియే, శాశ్వతమైనచో లోటు.

ఓటు మనిషికా, ధరావతుకా?

నియమములు మార్చవలసి వచ్చినపుడు ఎవరైనను ప్రతిపాదన పెట్టవచ్చును. దానికి నూరు టోకెనుల ఖర్చు కలదు. మొత్తము ధరావతులో మూడవ వంతు ఓటింగులో పాల్గొనవలెను. పాల్గొన్నదానిలో సగమునకు మించి అనుకూలముగా నుండవలెను. నిర్వాహకుని ఓటు నచ్చని ధరావతుదారు తన వంతు ఓటును వేరుగా వేసికొనవచ్చును. లెక్కల రుసుము తగ్గించుకొనుటకు 2022 ఫిబ్రవరిలో ఈ సంఘము తన పద్దులను ఆర్బిట్రం అను చవుకైన ఖాతాకు మార్చుకొన్నది. 2023 చివర, కొత్తగా పుట్టు టోకెనులలో పదవ వంతును ఉమ్మడి ఖజానాకు చేర్చుటకు తీర్మానించుకొన్నది. ఖజానా ధనమును దేనికి ఖర్చు చేయవలెనన్నది కూడ ఓటుపైననే తేలును.

అయితే ఓటు తలకొకటి కాదు, టోకెనుకొకటి. పదిమంది సభ్యులలో ఒకనికి 55 టోకెనులు, తక్కిన తొమ్మండుగురికి ఐదేసి చొప్పున 45 ఉన్నవనుకొనుడు. తొమ్మండుగురు ఏకమైనను ఆ ఒక్కని మాటయే చెల్లును. మన సహకార సంఘములలో ఇట్లు కాదు. 1956లో నాటి కరీంనగరు జిల్లాలో స్థాపింపబడిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు మొదలుకొని ఏ సహకార సంఘమునందైనను వాటాలు ఎన్నియున్నను ఓటు ఒక్కటే.

మరి టోకెను సంఘములు ఈ మేలైన మార్గమును ఏల విడిచినవి? కారణము లోభము మాత్రమే కాదు. ముల్కనూరులో సభ్యుడెవరో పొరుగువానికి తెలియును. ఇంటర్నెటులో ఒక్కడే రాత్రికి రాత్రి వేయి పేర్లతో వేయి ఖాతాలు తెరువగలడు. తలకొక ఓటన్నచో వానికి వేయి ఓట్లు. దొంగ తలలను సృష్టించుట సులభము. దొంగ ధరావతును సృష్టించుట కష్టము. కనుక ధరావతు ఓటు అనునది అపరిచితుల మధ్య నమ్మకమునకు చెల్లించుచున్న మూల్యము. మూల్యము చిన్నది కాదు. మనిషిని గుర్తించు నమ్మదగిన పద్ధతి దొరకువరకు ఈ చిక్కు విడదు.

కాలువలు నేర్పిన పాఠము

ఉమ్మడి ఆస్తిని వాడుకొనువారే పాలించుకొనగలరా అను ప్రశ్నకు తెలుగు పల్లెలే ఒక సమాధానమిచ్చినవి. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లాలో కాలువ క్రింది గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని గ్రామములలో, చట్టబద్ధమైన పంచాయతీతో సంబంధము లేకయే, రైతులు తమలో తాము ఒక సభగా ఏర్పడియుండిరి. పంట కోసిన పొలములలో మందలను మేపుకొను హక్కును వేలము వేసి ఉమ్మడి నిధి కూర్చుకొనిరి. ఆ నిధి నుండి పొలములకు నీరు కట్టువారికి, పంట కావలివారికి జీతములిచ్చిరి. ఇట్టి సభలు అన్ని ఊళ్ళలో లేవు. కాలువ శివారున, నీటికి కటకటగా నున్న ఊళ్ళలోనే ఎక్కువగా నుండెను. కలిసినందువలన కలుగు లాభము ప్రత్యక్షముగా కనబడినచోట జనులు కలిసిరి, కనబడనిచోట కలియలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించు చట్టము చేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపెను. అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రం పలుదేశముల కాలువలను, పచ్చికబయళ్ళను, అడవులను పరిశీలించి 1990లో కొన్ని సూత్రములను చెప్పినది. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందినది. ఎవరు సభ్యులో స్పష్టముగా నుండవలెను. నియమములకు లోబడువారికి నియమములను మార్చుటలో పాలుండవలెను. తప్పునకు మొదట చిన్న దండన, పదేపదే చేసినచో పెద్ద దండన. తగవులు తక్కువ ఖర్చుతో తీరవలెను.

ఈ సూత్రములతో దృశ్యవాహినిని తూచి చూడవచ్చును. లెక్కలు అందరి కంటికి కనబడుటలో కాలువకంటె అదియే మేలు. ఏ పద్దునైనను ఎవరైనను చూడవచ్చును. నియమములు మార్చుటలో పాలు కలదు, కాని ధనమును బట్టి. సభ్యులెవరన్నచోట అది తడబడుచున్నది. తగవుల విషయములోను లోటు కలదు. పాడైన ముక్కను పంపిన నిర్వాహకునికి ప్రసారకుడు పని మానుకొనునేగాని, ఊరి రచ్చబండవలె ఇరువురను కూర్చుండబెట్టి వినువారు లేరు.

శివారు మాటయేమి?

చివరకు మొదటి ప్రశ్నకే రావలెను. వికేంద్రీకృతమైనంత మాత్రమున కొండమీది పాఠశాలకు పాఠము ఆగకుండ చేరునా? తనంత తాను చేరదు. కూలి ఎక్కువ దొరకుచోటికే యంత్రములు పోవును. జనులు దట్టముగా ఉన్నచోటనే కూలి దొరకును. శివారునకు ప్రవాహము చేరవలెనన్నచో ఉమ్మడి ఖజానా నుండి కొంత దానికై కేటాయింపవలెను. అట్లు కేటాయించుటకు శివారువాని ఓటునకు విలువ ఉండవలెను. కావుననే ఓటు ఎవరిదను ప్రశ్న సిద్ధాంతమునకు చెందినది మాత్రమే కాదు. బొమ్మ నిలుచునా, నడచునా అనునది దానిపై ఆధారపడియున్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షించి చూపవచ్చును. విద్యార్థులకు గింజలను హెచ్చుతగ్గులుగా పంచి, ఉమ్మడి పెట్టెలోని గింజలను దేనికి వాడవలెనో మొదట గింజకొక ఓటు చొప్పున, పిదప తలకొక ఓటు చొప్పున నిర్ణయింపజేయవలెను. రెండు తీర్మానములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, ఏది ఎవరికి మేలు చేసినదో విద్యార్థులచేతనే చెప్పించిన, ఈ వ్యాసములోని సారము వారికి సులభముగా బోధపడును.